పాత సామాను చూపించని షెడ్డుకి బండి ఇవ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో వానాకాలం వస్తోంది బండి ఒకసారి చూపించుకోండి అని ఒక ఐటెం వేసారు. బ్రేకులు, టైర్లు, వైపర్లు, బ్యాటరీ అన్నీ చెప్పుకొచ్చి చివర్న ఎప్పుడైనా సరే కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లోనే చేయించుకోండి, రోడ్డు పక్క షెడ్లని నమ్మకండి అని ముగించీసారు. మీరు శ్రీకాకుళంలో కూర్చుని రాసింది మేము ఒడిశాలోని పర్లాకిమిడిలో కూర్చుని చదివాం, మాకు ఆ చివరి లైను దగ్గరే గొంతులో వెలక్కాయ పడింది. మా ఊళ్ళో అన్ని కంపెనీలకీ సర్వీస్ సెంటర్లు ఎక్కడున్నాయండీ. నా బండికైతే బరంపురం వెళ్ళాలి, లేదంటే శ్రీకాకుళం రావాలి, ఎటెళ్ళినా ఆ రోజు పని పోయినట్టే, బండి అక్కడ ఒగ్గీసి రమ్మంటే రెండో రోజు కూడా పోయినట్టే. షెడ్డుని నమ్మొద్దంటే మరి మేం ఎవరిని నమ్మాలి? అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతాది, కత్తిరించాలంటే ఎక్కడైనా కత్తిరించండి గానీ బిల్లు గురించి, కేసు ఎక్కడ వెయ్యొచ్చన్న దాని గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నాది టెంట్ హౌసు. శామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు, లైటింగు, ఒక పికప్ వ్యాను, దానికి డ్రైవరూ నేనే క్లీనరూ నేనే. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక రోజు కాశీనగర్ వైపు, ఇంకో రోజు మెళియాపుట్టి వైపు, మధ్యలో ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కి మోహన వైపు. బండి ఆగితే అవతల పందిరి ఆగిపోతాది, ముహూర్తం మాత్రం ఆగదు. మా ఊరు దాటి అడుగు వేస్తే పాతపట్నం, అది మీ జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మధ్యలో గీత పడింది గానీ చుట్టరికాలు ఆ గీతని పట్టించుకోలేదు, ఇప్పటికీ పిల్లని ఇటిచ్చి అటు తెచ్చుకుంటూనే ఉన్నాం. పెట్రోలు ఇటు చవక కాబట్టి మీ వైపు బళ్ళు మా బంకులకొస్తాయి, స్పేర్లు అటు బాగా దొరుకుతాయని మా బళ్ళు టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం పోతాయి. ఇదంతా బానే ఉంది, తేడా వచ్చేదల్లా నంబర్ ప్లేటు దగ్గరే.

ఓడీ 20 అని మా జిల్లా నంబరు ప్లేటు మీద కనబడగానే కొన్ని షెడ్లలో రేటు మారిపోతాది. ఎందుకంటే ఈయన ఈ రోజు ఎలాగైనా చేయించుకునే వెళ్ళాలి, రేపొచ్చి గొడవ పెట్టుకోడు అని వాళ్ళకి తెలుసు. పోనీ మీ జిల్లా ఏపీ 30 బండి ఇటొచ్చి ఆగిపోతే మా వాళ్ళేమైనా తక్కువ తిన్నారా, అదే లెక్క ఇక్కడా వేస్తారు, కాబట్టి నేను ఒక వైపు వాళ్ళనే తిడుతున్నానని అనుకోకండి. అసలు తలనొప్పి తర్వాత మొదలవుతాది. చేసిన పని నాలుగు రోజులకి పాడైతే అడగడానికి మళ్ళీ అవతలికి వెళ్ళాలి, వెళ్తే "మీరు మధ్యలో ఎవరిచేతో విప్పించారు బాబూ, అందుకే ఇలగయ్యింది" అంటాడు. ఇక్కడికి తెస్తే మా మిస్త్రీ "వాడు చెడగొట్టింది నేను ముట్టుకోను భాయినా" అంటాడు. ఇంకొకాయన ఉన్నాడు, ఏం అడిగినా "హఁ ఆగ్యా, కాలి ఆసంతు", అంటే అలాగేనండీ రేపు రండి, అనే అంటాడు, ఆ రేపు ఎప్పటికీ రాదు. బిల్లు ఇస్తే గిస్తే ఒడియాలో ఉంటాది, నా వయసు వాళ్ళలో మాట బాగా వచ్చి అక్షరం రానివాళ్ళు చాలామందే ఉన్నాం, ఏం రాసాడో పిల్లలచేత చదివించుకోవాలి.

ఇక మోసం గురించి. అందరూ షెడ్డు వాడు మోసగాడు అనీసి ఊరుకుంటారు, నా అనుభవంలో మోసగాళ్ళు తక్కువే. ఎక్కువమంది తెలీనివాళ్ళు, తెలీదు అని ఒప్పుకోలేనివాళ్ళు. జేబుకి చిల్లు మటుకు రెండింటికీ ఒకలాగే పడతాది, ఇంకా చెప్పాలంటే రెండో రకం వాళ్ళ దగ్గరే ఎక్కువ పడతాది, ఎందుకంటే మోసగాడు ఒకసారి లాగి ఊరుకుంటాడు, తెలీనివాడు మంచి మనసుతో ఒక్కో సామానూ మారుస్తూనే ఉంటాడు, ప్రతి ఊహకీ డబ్బు మనదే.

నా పికప్ సంగతే చెప్తాను. 2018 మోడల్, డీజిలు, టర్బో ఉన్న ఇంజను. లోడుతో ఉదయగిరి ఘాటీ ఎక్కుతుంటే బండికి లాగుడు లేకుండా పోయింది, వెనకాల నల్ల పొగ, ఖాళీగా సాపు రోడ్డు మీద వెళ్తే ఏం తెలీదు. మొదటి షెడ్డులో ఇంజనులోకి డీజిలు చిమ్మే నోజిళ్ళు పోయాయన్నారు, విప్పి పంపు షాపుకి పంపించారు, వాళ్ళు చూసి బానే ఉన్నాయని తిప్పి పంపితే కూడా విప్పినందుకు లేబరు, చెక్ చేసినందుకు ఛార్జీ, బిగించినందుకు మళ్ళీ లేబరు. రెండో షెడ్డులో క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నారు, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మొత్తం సెట్టు మార్చీసారు, ఘాటీలో మళ్ళీ అదే కథ. చివరికి మా ఊళ్ళోనే బోర్డు కూడా లేని ఒక చిన్న షెడ్డు ఉంది, అందులో ఉండే పెద్దాయన బానెట్ ఎత్తకముందే నన్ను ఒకటే అడిగాడు: "లాగనప్పుడు ఇంజన్ సౌండు పెరుగుతోందా, అలాగే ఉంటోందా?" పెరగట్లేదండీ, ఇంజను కూడా మూలుగుతోంది అన్నాను. "అలాగైతే క్లచ్ కాదు, క్లచ్ జారితే ఇంజను గోల పెడతాది బండి కదలదు, మీ ఇంజనుకి గాలి అందట్లేదు, అందుకే డీజిలు పూర్తిగా కాలక నల్ల పొగ" అన్నాడు. కుర్రాడు బండిలో లోపాలు చదివే స్కానర్ పెడితే బూస్ట్ ప్రెషర్, అంటే టర్బో ఇంజనులోకి తోసే గాలి ఒత్తిడి, తక్కువని చూపించింది. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు హోసు అడుగు వైపు చీలింది, పైనుంచి చూస్తే కనబడదు, లోడు పడి ప్రెషర్ పెరిగినప్పుడే నోరు తెరుస్తాది. హోసూ క్లిప్పులూ లేబరూ అన్నీ కలిపినా ముందు క్లచ్ సెట్టుకి పెట్టిందాంట్లో పదో వంతు కూడా అవ్వలేదు.

ఆ ఒక్క ప్రశ్న మొదటి ఇద్దరూ ఎందుకు అడగలేదా అని ఆలోచించాను. వాళ్ళకి నా మీద పగేమీ లేదు. వాళ్ళు పాత జీపులు, పాత ట్రెక్కర్లు, టెంపోల మీద పని నేర్చుకున్నవాళ్ళు, ఆ బళ్ళని కళ్ళు మూసుకుని విప్పి బిగించగలరు. 2017లో బళ్ళ పొగ మీద బీఎస్ 4 అనే రూలు దేశమంతా వచ్చింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది, ఆ దెబ్బకి మోటార్ సైకిళ్ళకి కూడా కార్బరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చీసింది. స్క్రూడ్రైవర్‌తో ఐడ్లింగ్ తిప్పి, చెవి పెట్టి వింటూ సెట్ చేసే మెకానిక్ ముందు ఒకేసారి సెన్సార్లు, ఈసీయూ అనే ఇంజను కంప్యూటరు, వైరింగు పడ్డాయి. వీళ్ళకి ఎవరైనా ట్రైనింగ్ ఇచ్చారా? షోరూం వాడు తన కుర్రాళ్ళకి ఇచ్చుకున్నాడు, బయట వాళ్ళని గాలికి వదిలేసారు. స్కానర్ కొనాలంటే డబ్బు, కొన్నాక అందులో వచ్చిన కోడు ఇంగ్లీషులో, ఆ కోడు అర్థం చేసుకోకుండా అందులో ఏ సెన్సార్ పేరు కనబడితే ఆ సెన్సార్ మార్చీడమే. సెన్సార్ అబద్ధం చెప్తోందా, లేక అది చెప్పింది నిజమై లోపం ఇంకెక్కడో ఉందా అని చూసేవాడే మెకానిక్కు. నా బండిలో బూస్ట్ తక్కువని వచ్చింది కదా, ఇంకొకడైతే ఆ సెన్సార్ మార్చీసి డబ్బు పట్టేవాడు.

అందుకని నమ్మకమైన షెడ్డు ఏది అని నన్ను ఎవరైనా అడిగితే పేరు చెప్పను, ఆ పెద్దాయన ఏం చేస్తాడో చెప్తాను, అలగ చేసేవాడు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే అక్కడికే వెళ్ళండి. విప్పకముందు అడుగుతాడు, సౌండు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, వానలోనా ఎండలోనా అని. పక్కన కూర్చుని ట్రయల్‌కి వస్తాడు, బండి మనల్నే నడపమంటాడు. ఒక పని కోసం విప్పితే ఇంకోటి బయటపడిందనుకోండి, ఫోన్ చేసి ఇంత అవుతాది చెయ్యమంటారా అని అడిగాకే ముట్టుకుంటాడు. మార్చిన పాత సామానుని కొత్త సామాను డబ్బాలోనే పెట్టి సీటు మీద ఉంచుతాడు, మనం అడగక్కర్లేదు. కాయితం మీద తారీఖు, కిలోమీటర్లు రాస్తాడు. ఘాటీ బండి కదా బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటాది, రెండేళ్ళయితే మార్చీండి, దిగేటప్పుడు వేడికి మరిగితే పెడలు మెత్తబడి లోపలికి పోతాది అని మనం అడక్కుండానే గుర్తు చేస్తాడు. అదే నోటితో బ్రేక్ షూలు ఇంకా ఆరు నెలలు వస్తాయి ఇప్పుడు మార్చకండి అని కూడా అంటాడు. నా లెక్కలో ఆ రెండో మాటకే విలువెక్కువ, తనకొచ్చే లేబరుని తనే వద్దనుకునేవాడు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఆటోమేటిక్ గేర్ కారు ఎవరో తెస్తే ఇది నా వల్ల కాదు బరంపురం తీసుకెళ్ళండి అని పంపించీసాడు, నా ఎదురుగానే.

ఆయన రేటు తక్కువేం కాదు, అది కూడా చెప్పాలి. లేబరు దగ్గర బేరమాడితే నవ్వి ఊరుకుంటాడు. మనవాళ్ళు లేబరు దగ్గర యాభై తగ్గించమని గంట కొట్లాడతారు, సామాను డబ్బు దగ్గర ఎంత చెప్తే అంత ఇచ్చీస్తారు, అందుకే చాలా షెడ్లు లేబరు తక్కువ చెప్పి సామాను మీద లాగుతాయి. స్పేర్ల షాపుకి చీటీ రాసి పంపిస్తే షాపు వాడు మెకానిక్‌కి కమీషన్ పక్కన పెడతాడు, ఇది ఊళ్ళో అందరికీ తెలిసిందే, దాన్ని పెద్ద నేరంలా చెప్పట్లేదు, కమీషన్ ఎక్కువొచ్చే డూప్లికేట్ సామాను కంపెనీ రేటుకి అంటగట్టినప్పుడే గొడవ. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, తయారుచేసినవాడి అడ్రసు, నెల సంవత్సరం, కంప్లైంట్ చెయ్యడానికి ఫోన్ నంబరు ఉండాలని రూలుంది, ఇవి లేని ఫిల్టరు గానీ బ్రేక్ ప్యాడు గానీ ఎంత చవకగా వచ్చినా ఒద్దనండి. పార్ట్ నంబరు ప్యాకెట్ మీదా సామాను మీదా ఒకటేనా చూడండి. ఆయిల్ డబ్బా మన కళ్ళ ముందు సీల్ తీయించండి, మాన్యువల్లో ఏ గ్రేడు రాసుంటే అదే పొయ్యమనండి, 10డబ్ల్యూ-30 బండికి 20డబ్ల్యూ-50 పోసి చిక్కగా ఉంటే మంచిదండీ అనే మహానుభావులు ఇంకా ఉన్నారు. సామాను నేనే కొనుక్కొస్తాను అంటే కమీషన్ పోతాది గానీ సామాను పాడైతే మెకానిక్ నాకు సంబంధం లేదంటాడు, ఆ బాధ్యత కూడా మనమే మోయాలి, కాబట్టి బ్రేకులు, స్టీరింగ్ లాంటి వాటికి నేనైతే మెకానిక్‌నే తెమ్మంటాను, షాపు బిల్లు మాత్రం చూపించమంటాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడి భాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దింపారు కదా, ఆ తగ్గింది మనదాకా వచ్చిందా లేదా అని ఎంతమంది అడిగారు? బిల్లు లేకపోతే ఎలా తెలుస్తాది.

కంపెనీ సర్వీస్ సెంటర్ గురించి కూడా రెండు ముక్కలు. వారంటీ ఉన్నన్నాళ్ళూ అక్కడికే వెళ్ళాలి, దాంట్లో వాదన లేదు. జాబ్ కార్డు రాస్తారు, ఎస్టిమేట్ ఇస్తారు, బిల్లు ఇస్తారు, ఏసీ రూములో కూర్చోబెట్టి కాఫీ కూడా ఇస్తారు, ఆ కాఫీ డబ్బు ఎక్కడ కలుస్తాదో బిల్లు కింద వైపు చూస్తే తెలుస్తాది: ఇంజన్ ఫ్లషింగు, త్రాటిల్ బాడీ క్లీనింగు, ఏసీ డిసిన్ఫెక్షను, ఏవో కోటింగులు. గ్లోవ్ బాక్సులో మాన్యువల్ పెట్టిస్తారు కదా, అందులో ఇన్ని కిలోమీటర్లకి ఇది చెయ్యాలి అని టేబుల్ ఉంటాది, ఆ టేబుల్లో లేనిది ఎందుకు చేస్తున్నారు అని అడగండి, సగం లైన్లు వాళ్ళే కొట్టీస్తారు. ఇంకోటి, బయట షెడ్లకి స్కానర్లు, మాన్యువళ్ళు, అసలు సామాను దొరక్కపోడానికి షెడ్ల వాళ్ళ చేతకానితనం ఒక్కటే కారణం కాదు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది దీని మీదే, స్పేర్లు బయట మార్కెట్లో అమ్మట్లేదని, రిపేరు పరికరాలు బయట గ్యారేజీలకి ఇవ్వట్లేదని. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయనుకోండి. 2022 డిసెంబర్లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే రిపేరు చేయించుకునే హక్కు, అని ఒక పోర్టల్ కూడా పెట్టింది, అందులో బళ్ళ కంపెనీలు కూడా ఉన్నాయి. రోడ్డు పక్క షెడ్లని నమ్మకండి అని ఒక్క లైనులో తేల్చీసేముందు మీ రిపోర్టరు ఇవి కూడా చూసి ఉంటే బాగుండేది.

ఆడపిల్లలు బండి తీసుకెళ్తే ఇంకో రేటు ఉంటాది, దీని గురించి ఎవరూ రాయరు. మా మేనకోడలు స్కూటీ సర్వీసుకిస్తే బెల్టు మార్చామని డబ్బు పట్టారు, పాత బెల్టు ఇవ్వండన్నాది, ఏదో నల్లగా పగిలిపోయింది ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. ఆ పిల్ల దాని మీద నంబరు చూసి ఇది వేరే కంపెనీ బండి బెల్టు కదండీ అనేసరికి షెడ్డంతా చప్పుడు లేదు. మాన్యువల్లో చూస్తే అసలు మార్చే టైమే అవ్వలేదు. డబ్బు తిరిగిచ్చారు గానీ దానికి అరగంట పట్టింది, వాళ్ళ నాన్నని పిలుస్తాను అనేదాకా ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడనే లేదు.

వానాకాలం అన్నారు కాబట్టి మీ ఐటెంలో లేనిది ఒకటి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా మా జిల్లా రెండూ నాశనమయ్యాయి, ఇళ్ళ ముందు పెట్టిన బళ్ళు నీళ్ళలో ములిగిపోయాయి. నీళ్ళు తీసాక చాలామంది చేసిన మొదటి పని తాళం తిప్పి స్టార్ట్ చెయ్యడం. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి నొక్కుకున్నట్టు నీళ్ళు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతాది, అక్కడితో ఇంజను మొత్తం విప్పి బోరు పని చేయించాల్సిందే. పైగా నీళ్ళు వెళ్ళిన బండిని మీరే స్టార్ట్ చేసారు అని ఇన్సూరెన్సు వాళ్ళు మామూలు పాలసీలో ఆ ఇంజను ఖర్చు ఇవ్వరు, దానికి వేరే ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకుని ఉండాలి. అప్పుడు కొన్ని షెడ్ల వాళ్ళు ఫోన్లోనే తాళం ముట్టుకోకండి, బ్యాటరీ వైరు పీకీసి తోసుకు రండి అని చెప్పి ఎంతమంది ఇంజన్లు కాపాడారో. మరి కొంతమంది అదే టైమని ములిగిన ప్రతి బండికీ హాఫ్ ఇంజను అని పెద్ద రిపేరు రాసీసారు. కష్టంలో ఎవడు ఎలా ఉన్నాడో మా ఊరు మర్చిపోలేదు, ఇప్పటికీ షెడ్ల గురించి మాటొస్తే తిత్లీ అప్పుడు వాడేం చేసాడు అనే అడుగుతారు.

ఇక నేను ఉంచమన్న ముక్క. బిల్లు. చిన్న షెడ్ల వాళ్ళు మాకు జీఎస్టీ లేదండీ బిల్లు ఎక్కడిది అంటారు. సర్వీసు పనికి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది నిజమే. బిల్లుకి దానికీ సంబంధం లేదు. తెల్ల కాయితం మీద షెడ్డు పేరు, తారీఖు, బండి నంబరు, కిలోమీటర్లు, ఏం మార్చారు, సామానుకి ఎంత, లేబరు ఎంత, సంతకం, ఇవి ఉంటే చాలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడాన్ని అన్యాయమైన వ్యాపార పద్ధతుల్లో రాసారు. కాయితం ఉంటే మనకి కాలు నిలుస్తాది, లేకపోతే నువ్వు చెప్పావు నేను చెప్పాను అని గొడవే మిగులుతాది.

మా బోర్డర్ వాళ్ళకి ఇంకా పెద్ద సంగతి అదే చట్టంలో ఉంది, మా ఊళ్ళో పదిమందిని అడిగితే తొమ్మండుగురికి తెలీదు. పాత 1986 చట్టంలో షాపు ఎక్కడుందో, పని ఎక్కడ జరిగిందో అక్కడే కేసు వెయ్యాలి, అంటే పాతపట్నంలోనో టెక్కలిలోనో బండి చెడిపోతే మేము శ్రీకాకుళం తిరగాలి, ఎవడు తిరుగుతాడు, ఓడీ 20 ప్లేటు చూసి రేటు పెంచినవాడి ధైర్యం కూడా అదే. కొత్త చట్టం 34వ సెక్షన్లో ఫిర్యాదు చేసేవాడు ఎక్కడ ఉంటున్నాడో, ఎక్కడ పని చేసుకుంటున్నాడో అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్లో కూడా వెయ్యొచ్చు అని పెట్టారు. ఇది 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అంటే షెడ్డు మీ జిల్లాలో ఉన్నా నేను మా గజపతి జిల్లాలోనే వెయ్యొచ్చు, అలాగే మీ మెళియాపుట్టి ఆయన మా ఊళ్ళో మోసపోతే శ్రీకాకుళంలో వేసుకోవచ్చు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. చెల్లించిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో కూడా వెయ్యొచ్చు. అంతకంటే ముందు 1915 నంబరుకి ఫోన్ చెయ్యండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నాలాగ బండి మీద బతికేవాళ్ళకి ఒక అనుమానం వస్తాది, ఇది వ్యాపారం బండి కదా నేను వినియోగదారుణ్ణి అవుతానా అని. పెద్ద వ్యాపారాలకైతే ఈ చట్టం లేదు గానీ స్వయం ఉపాధితో కడుపు నింపుకోడానికి బండి కొనుక్కుని నడుపుకునేవాణ్ణి చట్టం బయటికి నెట్టలేదు.

గొడవైతే బండి ఇవ్వను అంటాడు, అప్పుడేం చెయ్యాలి అని కూడా అడుగుతారు. 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం చేసిన పనికి డబ్బు ఇచ్చేదాకా బండి ఆపుకునే హక్కు మెకానిక్‌కి ఉంది, కాబట్టి రాత్రి పూట తాళం పగలగొట్టి తెచ్చుకుందామని చూడకండి. డబ్బు కట్టి, బిల్లు మీద అభ్యంతరం ఉండి చెల్లించాను అని రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకుని బండి తెచ్చుకోండి, తర్వాత సంగతి కమిషన్ చూసుకుంటాది. అదే చట్టం 151వ సెక్షన్ మెకానిక్‌కి కూడా బరువు పెట్టింది, తన దగ్గర ఉన్న బండిని సొంత బండిలా జాగ్రత్తగా చూసుకోవాలని. షెడ్డు కుర్రాడు మన బండేసుకుని సినిమాకెళ్ళి గుద్దీస్తే ఓనరుకి సంబంధం లేదనడం కుదరదు. బండి ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు, మీటరు ఫోటో, డీజిలు ముల్లు ఫోటో తీసుకోండి, మొహమాటపడకండి. నిజాయితీగా చేసేవాడు ఫోటో తీస్తే ఏమీ అనుకోడు.

మెకానిక్‌ల వైపు నుంచి కూడా ఒక మాట. మా షెడ్లలో కుర్రాళ్ళు చాలామంది ఏడో ఎనిమిదో చదివి మానీసి గురువు దగ్గర స్పానర్లు అందిస్తూ నేర్చుకున్నవాళ్ళు. ఐటీఐలో రెండేళ్ళ మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ ఉంది గానీ వీళ్ళు ఆ గడప ఎక్కలేదు, ఇప్పుడెక్కమన్నా పెళ్ళాం పిల్లలున్నవాడు రెండేళ్ళు ఎలా కూర్చుంటాడు. పని వచ్చినవాళ్ళకి కొద్ది రోజులు నేర్పి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి పీఎంకేవీవై అనే కేంద్రం నైపుణ్య శిక్షణ స్కీములో ఉంది. బీఎస్ 6 బళ్ళు, స్కానర్లు, ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద అలాంటి బ్యాచ్ ఒకటి ఇటు పర్లాకిమిడిలో, ఒకటి అటు పాతపట్నంలో, తెలుగులో చెప్పేవాళ్ళతో పెట్టించమని రెండు జిల్లాల కలెక్టర్లనీ మీ పేపరు అడగాలి. మేము అడిగితే మాది ఒడిశా అని మీ వాళ్ళు, మీది తెలుగు అని మా వాళ్ళు పంపించీస్తున్నారు, పేపర్లో వస్తే కాస్త వింటారు.

రెండో కోరిక, 34వ సెక్షన్ సంగతి, 1915 నంబరు మీ జిల్లా పేజీలో బాక్సు కట్టి వెయ్యండి, మా పర్లాకిమిడికి, గుణుపురం, రాయగడ వైపు వచ్చే కాపీల్లో తప్పకుండా. మూడోది, షెడ్ల గురించి రాసినట్టే షోరూం సర్వీస్ సెంటర్ల గురించి కూడా ఒక ఐటెం రాయండి, మాన్యువల్లో లేని పనులకి ఎంత లాగుతున్నారో నలుగురు ఓనర్ల బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి చాలు. పండగలకి మొదటి పేజీ నిండా యాడ్ ఇచ్చేది వాళ్ళే కాబట్టి కొంచెం కష్టమే అని నాకూ తెలుసు, అయినా అడుగుతున్నాను.

నా పేరు, అడ్రసు వేరే కాయితం మీద రాసి కవర్లో పెట్టాను. పేపర్లో మాత్రం వెయ్యకండి బాబూ, పెళ్ళిళ్ళ సీజన్ వస్తోంది, ఆ రెండు షెడ్లలో ఒకడే మా ఊళ్ళో రాత్రి పూట కూడా పంక్చర్ వేసేవాడు.

ఇట్లు,
ఒక టెంట్ హౌస్ ఓనరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.